కందిగింజ రాయి

డెల్టాలో రాయి పుట్టదు. తాడేపల్లిగూడెం దాటి కిందికి దిగాక, ఆకివీడు మీదుగా కొల్లేరు ఒడ్డు దాకా వెళ్ళండి, కుక్కను అదిలించడానికి వంగితే చేతికి మట్టిబెడ్డ వస్తుంది తప్ప రాయి రాదు. అంత మెత్తటి నేల మీద ఇన్ని వంతెనలు, బళ్ళు, రైసుమిల్లులు, చర్చిలు, చేపల చెరువుల తూములు నిలబడి ఉన్నాయంటే, ఎగువన ఎక్కడో కొన్ని కొండలు కూలి ఉండాలి.

అలా కూలిన వాటిలో కోడిమెట్ట ఒకటి. గూడెం నుంచి జంగారెడ్డిగూడెం పోయే దారిలో, వరిచేలు అయిపోయి పామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఉండేది. రోడ్డు మీంచి చూస్తే గుడ్లు పొదుగుతున్న పెట్టలా కనిపించేది. దాని పక్కనే బుల్లి గట్టు, కోడిపిల్ల. పెట్ట పోయింది. ఇప్పుడక్కడ ఇరవై నిలువుల గొయ్యి, గొయ్యి అడుగున ఆకుపచ్చటి నీళ్ళు. పిల్ల మాత్రం ఇంకా ఉంది.

యేసమ్మకు యాభై ఎనిమిదేళ్ళు. కోడిమెట్ట కొండగా ఉండటం చూసింది, పోవడం చూసింది. అయిదేళ్ళుగా తిరిగి రావడం చూస్తోంది.

తిరిగి రావడం అంటే ఇలా. ఏలూరులోనో, గూడెంలోనో, ఆకివీడులోనో పాత కట్టడం పడగొడతారు. ఆ శిథిలాలన్నీ ఒకప్పుడు మురుగు కాలవల్లోకి, ఎవరూ అడగని చోట కొల్లేటి అంచుల్లోకి పోయేవి. సరస్సును పూడ్చెయ్యడానికి చెరువుల గట్లు చాలనట్టు, ఇదొకటి. ఇప్పుడు వాటిలో కొంత టిప్పర్ల మీద కోడిమెట్ట పాత క్వారీకి వస్తోంది. అక్కడ ఒక పొడుగాటి బెల్టు, దాని చివర క్రషర్. బెల్టుకు అటు ఆరుగురు, ఇటు ఆరుగురు ఆడవాళ్ళు. కర్ర, ప్లాస్టిక్కు, ఇనుప చువ్వ, ఇటుక, వేటికవి ఏరి పారేస్తారు. కాంక్రీటు ముక్క మిగులుతుంది. అది మంచిదో కాదో తేల్చేది వాళ్ళలో బెల్టు తల దగ్గర నిలబడ్డ యేసమ్మ.

ఆమె చేతిలో అరకిలో సుత్తి. ముక్క రాగానే ఒక్క దెబ్బ, మెల్లగా, తలుపు కొట్టినట్టు. ‘ఖంగ్’మంటే ‘పలికింది’ అంటుంది. ‘బద్’మంటే ‘మూగ’ అంటుంది. పలికింది క్రషర్‌లోకి పోయి మళ్ళీ కంకర అవుతుంది. మూగది గోతిలోకి పోతుంది. హాజరు పట్టీలో మాత్రం ఆమె పేరు ఎదురుగా ఉన్న మాట ‘హెల్పర్’. ఎవరికి హెల్పరో ఆ పట్టీ రాసినవాళ్ళకే తెలియాలి. ఆమె సుత్తి ఆగితే బెల్టే ఆగుతుంది.

ఒకసారి ఆపింది కూడా. యార్డు పెట్టిన కొత్తలో క్రషర్ మీద నీళ్ళు చల్లే పైపు లేదు. తెల్లటి పొడి మంచులా లేస్తుంటే యేసమ్మ సుత్తి కింద పెట్టేసి బెల్టు పక్కన కూర్చుంది. “నీళ్ళు పడితేగానీ లేవనండి,” అంది. మిగతా పదకొండు మందీ కూర్చున్నారు. సాయంత్రానికి పైపు వచ్చింది.

ఆ పొడి సంగతి ఆమెకు తెలుసు. భర్త కృపానందం కోడిమెట్టలో పదహారేళ్ళు డ్రిల్లింగు మిషను పట్టాడు. దగ్గు మొదలైన రెండేళ్ళకు కాగితం మీద టీబీ అని రాశారు. టీబీ మందులకు తగ్గాలి కదా, తగ్గలేదు. యేసమ్మ ఉండే పేటలో అలాంటి కాగితం ఉన్న మగవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ డ్రిల్లర్లే. డ్రిల్లర్లనే ఏరి పట్టుకునే జబ్బు పేరు టీబీ కాదని చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు. తొమ్మిదిమందీ ఇప్పుడు కోడిపిల్ల వాలున, సమాధుల తోటలో ఉన్నారు. ఈస్టరు తెల్లవారుజామున పేటంతా కొవ్వొత్తులతో ఎక్కేది ఆ గట్టే.

అంత తీసుకున్న రాయి మీద ఆమెకు కోపం ఉండాలి. లేదు. ఎందుకు లేదో తెలియాలంటే, అయిదేళ్ళ కిందట వచ్చిన మొదటి టిప్పరు సంగతి చెప్పాలి.

ఏలూరు కాలవ మీద ఏదో పాత వంతెన తాలూకు ముక్కలవి. మొదటి ముక్కను పలికించి చూద్దామని యేసమ్మ కాస్త గట్టిగా కొట్టింది. అది రెండుగా విచ్చింది. లోపల నల్లటి రాయి, రాతిలో మూడు ఎర్రటి గింజలు. కంది గింజంత, కంది గింజ రంగులో, తడిగా ఉన్నట్టు మెరుస్తూ. ఇంజనీర్లు వాటిని గార్నెట్ అంటారు. కోడిమెట్ట కింద పుట్టినవాళ్ళు కందిగింజ రాయి అంటారు. చుట్టుపక్కల ఇంకే కొండలోనూ ఆ గింజలుండవు.

యేసమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది.

పక్కనున్న వీరదుర్గ పరుగెత్తుకొచ్చింది. ఈమె గూడెం రైసుమిల్లులో పాతికేళ్ళు చేసి, మిల్లు మూతపడ్డాక యార్డులో చేరిన మనిషి. నోరు తవుడు మిషనులా ఆగదు.

“ఏంటి వొదినా, వడదెబ్బా? నీళ్ళియ్యనా?”

“కాదే దుర్గా. మా కొండొచ్చింది.”

“కొండ రావడవేంటి? నీకేవన్నా పూనిందా? మీకు పూనకాలుండవంటారుగా!”

“ఇదిగో చూడు. ఈ మూలలు చూడు. ఇది మిషను పగలగొట్టిన కంకర కాదు. చేత్తో కొట్టింది. మిషను రాకముందుది. నేను కొట్టిందైనా అవ్వచ్చు.”

“ఆహా! నీ పేరు రాసుందా దాని మీద?”

పేరు లేదు. కానీ పద్దెనిమిదేళ్ళ వయసులో, కాళ్ళ మధ్య బండ పెట్టుకుని, వేళ్ళకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుని కొట్టిన కంకర ఎలా పగులుతుందో ఆ చేతికి గుర్తుంది. లారీలకెత్తి పంపాక అది ఎక్కడికి పోయేదో ఆమెకు ఎప్పుడూ తెలియదు. ‘కిందికి’ అనేవాళ్ళు, అంతే. ఆ కిందికి పోయినది ఏళ్ళ తరబడి లారీలనూ బస్సులనూ నెత్తిన మోసి, నీళ్ళలో నాని, మళ్ళీ తన ముందుకు వచ్చి, తలుపు తడితే పలికింది. కృపానందం ఆ రాతిని చీల్చాడు, రాయి కృపానందాన్ని తినేసింది. మనిషి పోయాడు. రాయి మాత్రం పొద్దున కొట్టినట్టే ఉంది. దాన్ని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

*

ఈ ఏడు మార్చి ఆఖర్లో మేనేజరు గోపీనాథ్ బెల్టు దగ్గరికి వచ్చాడు. సౌమ్యంగా మాట్లాడే మనిషి, చెడు కబురు చెప్పేటప్పుడు మరీ సౌమ్యంగా.

“చూడమ్మా యేసమ్మా, కొల్లేట్లో గూడబాతులంక అని ఊరుంది. అక్కడ స్కూలు పడగొట్టారు. ఆ రాయంతా మనకొస్తోంది. మన దగ్గర కంకర చేసి, మళ్ళీ అదే ఊళ్ళో కట్టే కొత్త స్కూలుకి పంపాలని డిపార్ట్‌మెంట్ వాళ్ళ ఆలోచన. పరీక్ష నెగ్గితే ఇది ఒక్కటే కాదు, ముందు ముందు కట్టేవాటికి కూడా మన దగ్గరే తీసుకుంటారు.”

“నెగ్గకపోతేనండి?”

గోపీనాథ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “కంపెనీ వాళ్ళు ఊరికే కూర్చోరు కదా. కొత్త రాయి కావాలి. కోడిపిల్ల మీద లీజుకి కాగితాలు పెట్టి ఉన్నాయి. పక్కన పడేసి ఉంచారంతే.”

“కోడిపిల్ల మీద సమాధులున్నాయండి.”

“వాటికి వేరే స్థలం చూపిస్తారమ్మా.”

 కొల్లేట్లో ఉన్న ఒక బడి, మెట్టలో ఉన్న ఒక గట్టు, ఒకే తాడుకు కట్టి ఉన్నాయని యేసమ్మకు అర్థమైంది. ఆ తాడు బెల్టు మీంచి, తన సుత్తి కిందనుంచి పోతోంది.

బడి రాళ్ళు రావడం మొదలైంది. ఆ వారంలోనే కొత్త ఇంజనీరమ్మాయి రమ్యశ్రీ, గూడెం కాలేజీలో చదివి వచ్చిన పిల్ల, చేతిలో అట్టతో బెల్టు దగ్గరికి వచ్చింది. యార్డులో యేసమ్మను ‘యేసమ్మగారూ’ అన్న మొదటి మనిషి ఆమె. అలా పిలిచిన రోజు వీరదుర్గ “గారూ, కాస్త పక్కకి జరుగుతారా గారూ” అంటూ సాయంత్రం దాకా చంపుకుతింది.

“యేసమ్మగారూ, శనివారం శాంపిల్ తీసి కాలేజీ ల్యాబుకి పంపుతున్నామండి. చాలా టెస్టులుంటాయి. ముఖ్యంగా సౌండ్‌నెస్ టెస్టు. దాంట్లో పోతే ఇంకేం చెయ్యలేం.”

యేసమ్మ మొహం విచ్చుకుంది. “సౌండు టెస్టాండీ?”

“సౌండ్‌నెస్, అవునండి.”

ఆమె అట్ట పట్టుకుని వెళ్ళిపోగానే యేసమ్మ వీరదుర్గ చెయ్యి పట్టుకుంది. “విన్నావా? అంత పెద్ద కాలేజీలో, అన్ని మిషన్లుండీ, వాళ్ళూ సౌండు వినే చెబుతారంట!”

“అయితే నీకు ఉద్యోగం ఇప్పించెయ్యమందాం. లెక్చరరు యేసమ్మగారు.”

ఆ రాత్రి భోజనం దగ్గర కూడా యేసమ్మ ఆ సంగతే తలచుకుని నవ్వుకుంది. నలభై ఏళ్ళుగా తన చెవికి తెలిసిన ముక్క, చదువుకున్నవాళ్ళ పుస్తకంలోనూ ఉందన్నమాట!

మరునాడు గుడ్ ఫ్రైడే. యేసమ్మతో కలిపి ఎనిమిదిమంది పనిలోకి రాలేదు. పన్నెండు నుంచి మూడింటి దాకా చర్చిలో ఏడు మాటల ఆరాధన, మానేది లేదు. బెల్టు ఆపితే నష్టమని మిగిలిన నలుగురితోనే నడిపించారు. బెల్టు తల దగ్గర సుత్తి లేదు. పలికేవీ, మూగవీ కలిసి క్రషర్‌లో పడి కంకర కుప్ప అయ్యాయి. శనివారం రమ్యశ్రీ ఆ కుప్పనుంచే, పుస్తకంలో చెప్పినట్టు నాలుగు భాగాలు చేసి, శాంపిల్ గోతాల్లో కట్టించి పంపింది. ఆ కుప్పకూ మిగతా కుప్పలకూ తేడా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని వాళ్ళకూ తోచలేదు.

పన్నెండు రోజులకు కాగితం వచ్చింది. పరీక్ష పోయింది.

గోపీనాథ్ అందరినీ పిలిచి సౌమ్యంగా చెప్పాడు. నూటికి పన్నెండు వంతులకు మించి అరగకూడదట. పదిహేడు అరిగిందట. ఇంకొక్క శాంపిల్ పంపడానికి డిపార్ట్‌మెంట్ ఒప్పుకుందట, అదే ఆఖరు. అది పోతే కోడిపిల్ల కాగితాలు కదులుతాయి.

యేసమ్మ తిన్నగా రమ్యశ్రీ గదిలోకి వెళ్ళింది. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి.

“అమ్మాయిగారూ, నాకో మాట చెప్పండి. ఆ సౌండు విన్నదెవరు? వాళ్ళ చెవి మంచిదేనా?”

రమ్యశ్రీకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫక్కున నవ్వేసింది. వెంటనే నాలిక కరుచుకుంది.

“సారీ అండి. సౌండ్ అంటే చప్పుడు కాదండి ఇక్కడ. గట్టిదనం. ఆ టెస్టులో ఎవరూ వినరు. కంకరని ఉప్పులాంటి మందు కలిపిన నీళ్ళలో నానబెడతారు. తీసి పొయ్యిలో ఎండబెడతారు. మళ్ళీ నానబెడతారు, మళ్ళీ ఎండబెడతారు. అలా అయిదుసార్లు. బలహీనంగా ఉన్నది పొట్టు పొట్టుగా రాలిపోతుంది. ఎంత రాలిందో తూస్తారు.”

యేసమ్మ సిగ్గుపడలేదు.  మెల్లగా అడిగింది.

“ఆ బడి కట్టి ఎన్నేళ్ళయిందండి?”

“ఎనభై ఆరు వరదల తర్వాత కట్టారంట. నలభై ఏళ్ళకి దగ్గరవుతోంది.”

“ఏటా వరదకి నీళ్ళలో ఉండుంటుందా?”

“లంక ఊరు కదండీ. పునాది ఎప్పుడూ తడే. ఈమధ్యన ఎండాకాలం సముద్రం నీళ్ళు ఉప్పుటేరులోంచి కొల్లేట్లోకి ఎదురెక్కుతున్నాయి కూడా.”

“అంటే, ఉప్పునీళ్ళలో నానడం, ఎండలో ఎండడం. మళ్ళీ నానడం, మళ్ళీ ఎండడం.” యేసమ్మ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. “మీ కాలేజీవాళ్ళు అయిదుసార్లు చేశారు. కొల్లేరు నలభైసార్లు చేసింది. రాలిపోయేది అక్కడే సగం చచ్చుంటుందండి. చచ్చింది మూగదైపోద్ది. నలభై ఏళ్ళు నానీ ఎండీ ఇంకా పలుకుతున్నదాన్ని మీ గాజు గిన్నెలో నీళ్ళేం చేస్తాయమ్మా?”

రమ్యశ్రీ చేతిలో పెన్ను ఆగిపోయింది. నాలుగేళ్ళు చదివిన పాఠం ఒకటి ఎదురుగా నిలబడి, తిరగేసి చెబుతున్నట్టుంది ఆమెకు.

“మరి పోయిన శాంపిల్‌లో…?”

“అది గుడ్ ఫ్రైడే కుప్పండి. మేం లేం.”

*

నమ్మడం వేరు, కాగితం మీద పెట్టడం వేరు. రమ్యశ్రీ తన కళ్ళతో చూడాలనుకుంది. ఇరవై ముక్కలు ఏరి, వాటి మీద అంకెలు వేసి, యేసమ్మ ముందు పెట్టింది. వీరదుర్గ ముందుకొచ్చి తన తలగుడ్డ విప్పి యేసమ్మ కళ్ళకు కట్టింది.

“కందిగింజలు చూసి చెప్పేస్తుందండి, దొంగముండ. కట్టాల్సిందే.”

“ముడి కాస్త వదులు చెయ్యవే, చెవులు మూస్తున్నావ్!”

ఒక్కొక్క ముక్క చేతికిస్తుంటే యేసమ్మ కొట్టింది. పలికింది. పలికింది. మూగ. పలికింది. మూగ. మూగ. రమ్యశ్రీ రాసుకుంది. తర్వాత ఆ ఇరవైనీ ఎండబెట్టి తూసి, ఒక రోజంతా నీళ్ళలో ఉంచి, తీసి తుడిచి మళ్ళీ తూసింది. మూగవి అన్నవన్నీ దాహమేసినట్టు నీళ్ళు తాగి ఉన్నాయి. పలికినవి తక్కువ తాగాయి. ఇరవైలో పంతొమ్మిది యేసమ్మ చెప్పినట్టే వచ్చాయి.

“పదకొండో నంబరు మాత్రం తప్పిందండి యేసమ్మగారూ.”

“పదకొండోదా? అప్పుడు గేటు కాడ టిప్పరోడు హారను కొట్టాడండి,” అంది యేసమ్మ. రమ్యశ్రీ తన కాగితం చూసుకుంది. పదకొండు పక్కన తనే రాసుకుంది: ‘బయట చప్పుడు’.

ఆ రోజునుంచి నాలుగు రోజులు బడి రాళ్ళన్నీ చేతికి వచ్చాయి. ఏప్రిల్ ఎండ. క్వారీ గోడలు పెనంలా కాలుతుంటే, గొయ్యి నోటి దగ్గర టార్పాలిన్ కింద పన్నెండు మంది ఆడవాళ్ళూ కూర్చుని ఒక్కొక్క ముక్కనూ కొట్టి విన్నారు. మొదటిరోజు అందరూ యేసమ్మ వైపు చూసేవాళ్ళు. మూడోరోజుకు ఎవరి చెవి వాళ్ళకొచ్చింది. మూగ ముక్కలకు అంచుల్లో తెల్లటి ఉప్పు పూత కనిపించింది, పునాది దగ్గరివి అవి. రమ్యశ్రీ కూడా ఒక సుత్తి పట్టుకుంది. ఆమె ‘పలికింది’ అన్నదాన్ని వీరదుర్గ లాక్కుని మళ్ళీ కొట్టింది.

“ఇది పలికిందా అమ్మాయిగారూ? ఇది మూలిగింది.”

నవ్వులు గోతిలోకి దిగి, అవతలి గోడకు తగిలి తిరిగొచ్చాయి. పన్నెండు సుత్తులూ ఒక్కసారి ఆగినప్పుడు మాత్రం ఆ గొయ్యి ఎంత పెద్దదో తెలిసేది. యేసమ్మ తల ఎత్తి చూసింది. గాలి నిండిన ఆ ఖాళీ అంతా ఒకప్పుడు రాయి. ఆ రాయి ఎక్కడికీ పోలేదు. కింద కొన్ని వందల ఊళ్ళలో, గోడల్లో, తూముల్లో, బళ్ళ మెట్లలో చెల్లాచెదురుగా నిలబడి ఉంది. కొండంతా కూర్చున్న చోటినుంచి లేచి ఊళ్ళమీద పడి బతకడానికి పోయింది, ఈ పేటవాళ్ళలాగే.  

*

రెండో శాంపిల్ పంపిన నెలకు, ఫలితం తెలిసే రోజున, రమ్యశ్రీ యేసమ్మను కూడా గూడెం తీసుకెళ్ళింది. యేసమ్మ ఆదివారం చీర కట్టుకుంది. సుత్తి సంచిలో పెట్టుకుంది.

ల్యాబులో చల్లగా ఉంది. కళ్ళజోడు పెట్టుకున్న టెక్నీషియన్ ట్రేలోంచి కంకర తీసి తూకం వేశాడు. అయిదు నానులూ అయిదు ఎండలూ అయిన రాయి. అంకె రాసి, రెండోసారి తూశాడు. మళ్ళీ అదే అంకె.

“ఆరు, మేడం. పన్నెండు దాకా ఒప్పుకుంటాం. ఆరే అరిగింది.”

రమ్యశ్రీ యేసమ్మ భుజం పట్టుకుంది. యేసమ్మ చూపు మాత్రం ట్రే మీదే ఉంది.

“తూకం అయిపోయిందాండీ? అయితే ఒక్కటి ఇలా ఇస్తారా?”

బొటనవేలంత ముక్క. సంచిలోంచి సుత్తి తీయకుండానే, ట్రేలోంచి ఇంకో ముక్క తీసుకుని రెంటినీ తాకించింది. టింగ్. ఆ చల్లటి గదిలో అది చిన్న గంటలా వినిపించింది. టెక్నీషియన్ తల తిప్పి చూశాడు.

పక్క గదిలో కాంక్రీటు దిమ్మను నొక్కే మిషను ఉంది. నెల కిందట ఆ బడి కంకరే కలిపి పోసిన దిమ్మ అది, జానెడు పొడుగు, జానెడు ఎత్తు. దాన్ని రెండు ఇనుప పలకల మధ్య పెట్టారు. మీట తిప్పగానే డయలు మీద ముల్లు మెల్లగా ఎక్కసాగింది.

“ఎంత బరువు పడుతోందండి దాని మీద?” అంది యేసమ్మ గొంతు తగ్గించి.

“ఇప్పుడు ముప్పై టన్నులు. రెండు లోడు లారీలనుకోండి.”

ముల్లు ఎక్కుతూనే ఉంది. మూడు లారీలు. నాలుగు. దిమ్మ చెక్కుచెదరలేదు. యేసమ్మ దగ్గరికి వెళ్ళి, ఇనుప జాలీ ఇవతల నిలబడి, చెవి వంచింది. ఆమె నోరు తెరుచుకుని ఉంది. చర్చిలో ప్రార్థన మధ్యలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అలా ఉంటుంది ఆమె మొహం. నలభై ఏళ్ళుగా రాతి మీద ఒక దెబ్బ వేసి వినడమే ఆమెకు తెలుసు. ఇంత భారం మోస్తూ రాయి ఎలా మాట్లాడుతుందో ఎప్పుడూ వినలేదు. సన్నటి గుసగుస. తర్వాత ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో ఎవరో పళ్ళు బిగించినట్టు.

ఆమె చెయ్యి ఎత్తింది. “ఇంక చాలండి. ఇప్పుడు…”

దిమ్మ ఫట్‌మని విచ్చింది.

టెక్నీషియన్ ముల్లు ఆగిన చోటు చూసి, అంకె రాసుకుని, యేసమ్మ వైపు తిరిగాడు. “మీకెలా తెలిసిందమ్మా? ముల్లు ఇంకా ఎక్కుతూనే ఉంది!”

“మూలిగిందండి,” అంది యేసమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాలుగు లారీలు మోసిందండి పాపం. ఎక్కువే మోసింది. మేమెప్పుడూ దాన్ని ఇంత అడగలేదు.”

“కావలసినదానికన్నా ఎక్కువే వచ్చింది మేడం,” అన్నాడతను రమ్యశ్రీతో.

కాగితాలు నింపేటప్పుడు ‘రాళ్ళు వేరుచేసిన పద్ధతి’ అని ఒక గడి ఉంది. రమ్యశ్రీ అందులో ‘మాన్యువల్’ అని రాసింది.

“అంటే ఏంటండి?”

“చేత్తో చేశారని.”

“చేత్తో ఏరితే మొదటిసారే నెగ్గేది కదండీ. ఆ శుక్రవారం చేతులున్నాయి.” యేసమ్మ గడి మీద వేలు పెట్టింది. “చెవితో అని రాయండమ్మా.”

రమ్యశ్రీ పెన్ను పట్టుకుని ఆలోచించింది. అలాంటి మాటకు ఆ కాగితంలో చోటు లేదు. అయినా మాన్యువల్ పక్కన రాసింది: సుత్తితో తట్టి, చెవితో విని, పన్నెండు మంది. పన్నెండు పేర్లూ రాసింది. మొదటి పేరు కింద గీత కూడా గీసింది.

*

కోడిపిల్ల మీద పెట్టిన కాగితాలను కంపెనీ వెనక్కి తీసుకుంది. ‘ప్రస్తుతానికి’ అన్నాడు గోపీనాథ్. ఆ మాటకు ఎంత నిడివి ఉంటుందో పేటవాళ్ళకు తెలుసు. అందుకే సమాధుల తోట హద్దులు కొలిపించి రికార్డు చేయమని అందరూ కలిసి అర్జీ పెట్టారు. అది తిరుగుతోంది. హాజరు పట్టీలో హెల్పర్ అన్న మాట ఇంకా అలాగే ఉంది. దాని మీద కూడా రమ్యశ్రీ చేత ఒక కాగితం రాయించారు.

జూన్ మొదట్లో, బడి నేల పోసే రోజున, ఆఖరి కంకర లోడుతో యేసమ్మ, వీరదుర్గ గూడబాతులంక వెళ్ళారు. పుట్టి బుద్ధెరిగాక యేసమ్మ కొల్లేరు చూడటం అదే మొదలు. లారీ గట్టు ఎక్కగానే రెండు వైపులా నీళ్ళు, నీళ్ళ మీద ఆకాశం, ఎటు చూసినా ఎత్తు అనేదే లేదు. దూరంగా గూడబాతులు తెల్లటి బస్తాల్లా తేలుతున్నాయి.

“బాబోయ్, దేన్ని పట్టుకుని నిలబడతారే ఈ ఊరోళ్ళు?” అంది వీరదుర్గ.

“మనల్ని పట్టుకునే,” అంది యేసమ్మ.

బడి దగ్గర టీచరు జెస్సీ ఎదురొచ్చింది. అక్కడే ఆ పాత బడిలో చదువుకుని, అక్కడే పాఠాలు చెబుతున్న మనిషి. కంకర గుప్పెట్లోకి తీసుకుని తిప్పి చూసింది.

“ఎర్ర గింజలు! చిన్నప్పుడు మెట్ల మీద కూర్చుని పిన్నీసుతో తవ్వేవాళ్ళమండి ఇవి. ఇది ఏ ఊరి రాయండీ?”

“మీ ఊరిదేనండి,” అంది యేసమ్మ. “అంతకుముందు మా ఊరిది.”

మేస్త్రీ కాంక్రీటు పోసి చదును చేస్తున్నాడు. అంచున ఒక ముక్క జారి గడ్డిలో పడింది. యేసమ్మ వంగి తీసింది. చేతికంకరే, మూలలు తెలుస్తున్నాయి. మూడు గింజలు. ఇంటికి తీసుకెళ్ళి కృపానందం సమాధి మీద పెడదామని సంచి మూత తీసింది. వేలిగోరుతో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని వింది. పలికింది.

సంచి మూసేసింది. తడి కాంక్రీటులోకి ముక్కను బొటనవేలితో నొక్కింది, గింజలు పైకి కనిపించేలా. మేస్త్రీ తాపీతో దాని మీద నున్నగా పామబోతుంటే చెయ్యి అడ్డుపెట్టింది.

“అది అలా ఉండనివ్వండి బాబూ. పిన్నీసులతో వస్తారు.”